లంటానా తీసేశాక ఆ నేల ఎవరిది? ఒడిశా సరిహద్దు మిత్రుల అనుభవాలు కావాలి

మహేంద్రతనయ:
నమస్కారం. పర్లాకిమిడికి దగ్గరలో కొండ అంచున ఉన్న ఒక గ్రామంలో మేము కొందరం ఆదివారాలు లంటానా అనే విదేశీ ముళ్ల పొదను తొలగిస్తున్నాం. పట్నం నుంచి కాలేజీ పిల్లలు వస్తారు, గ్రామంలోని సవర కుటుంబాలు కలుస్తాయి. నిరుడు వేరే బృందం కత్తులతో నరికి వెళ్లిన వాలు ఈ వానలకు మునుపటికంటే గుబురుగా చిగిర్చింది. అది చూసి ఒక దాత ముందుకొచ్చారు. జేసీబీ పెట్టి మొత్తం పెకలిద్దాం, ఆ చోట వెయ్యి మొక్కలు నాటుదాం, ఖర్చంతా తనదే అంటున్నారు. మంచి మనసుతో అన్న మాటే. ఒప్పుకోవాలా? ఇప్పటికే ఈ పని చేసినవారు చెప్పండి.

గుణుపురం మాస్టారు:
జేసీబీ వద్దు బాబూ. లంటానా గింజ మట్టిలో కాచుకుని ఉంటుంది. మట్టిని తిరగేస్తే దానికి వెలుతురు చూపించినట్టే. పైగా ఆ పొదల కింద ఇప్ప, తునికి, మద్ది మొద్దులు బతికే ఉంటాయి. పశువులు కొరికినా, ఎవరో నరికినా వేరు మాత్రం చావదు. యంత్రానికి ఆ తేడా తెలియదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో చేసి చూపించిన పద్ధతి ఒకటి ఉంది. లంటానా మళ్లీ చిగిర్చేది కాండం, వేరు కలిసే చోట నుంచే. అందుకని నేలమట్టానికి నాలుగు వేళ్ల లోతున గునపంతో తల్లివేరును తెంచాలి. తెంచిన పొదను తలకిందులుగా ఆనించి ఎండనివ్వాలి. కొమ్మలు తడి నేలకు తగిలాయంటే అక్కడే వేళ్లు పోసుకుంటాయి. కాయ పండకముందే ఈ పని అయిపోవాలి. ఇద్దరు మనుషులు, ఒక గునపం చాలు, మట్టి పెద్దగా కదలదు. కత్తితో నరకడమంటే దానికి క్షవరం చేసి పంపడమే.

బరంపురం బాటసారి:
మాస్టారూ, క్షవరం మాట బాగుంది. మా వైపు పోరంబోకుల్లో వయ్యారిభామ ఎక్కువ. దానికీ ఇదే పద్ధతా?

గుణుపురం మాస్టారు:
కాదు. అది ఏడాది మొక్క, వేరుతో సహా పీకితే పోతుంది. పూతకు రాకముందే, తడి నేలలో పీకండి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చర్మం దద్దుర్లెక్కుతుంది, ఆయాసం ఉన్నవారికి పుప్పొడి మరీ చేటు. దాన్ని తినే మెక్సికన్ పెంకు పురుగును మన దేశానికి తెచ్చి 1984లో వదిలారు. వానల్లో ఆకులన్నీ తినేస్తుంది, వేసవిలో మాత్రం భూమిలోకి వెళ్లి నిద్రపోతుంది. పురుగును నమ్ముకుని మనం కూర్చోకూడదు.

కొండచీపురు:
నేను రాయగడ జిల్లా నుంచి. పద్ధతి మాస్టారు చెప్పేశారు కాబట్టి, అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. ఆ వాలు మీద లంటానా రాకముందు ఏమి ఉండేది? గ్రామంలోని పెద్దవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను అడిగారా తమ్ముడూ?

మా దగ్గర ముందు మేము అడిగింది అదే. కొండచీపుర్లు ఎక్కడ కోసేవారు, అడ్డాకు ఎక్కడ దొరికేది, సారపప్పు చెట్లు ఎక్కడ, ఉసిరి ఎక్కడ అని. అవ్వలు నడుచుకుంటూ చూపించారు. నడవడానికి వీలులేని చోట నిలబడి వేలు చూపించారు. పని ఎక్కడ మొదలు పెట్టాలో అక్కడే తేలిపోయింది. ముళ్ల గుబురు అంచుల్లో ఇంకా నాలుగు చీపురు దుబ్బులు బతికున్న చోట మొదలుపెట్టి లోపలికి జరిగాం. విత్తనం ఇచ్చే తల్లి దుబ్బు పక్కనే ఉంటే ఖాళీ నేలను అదే అల్లుకుంటుంది. గుబురు నడిబొడ్డున ఖాళీ చేస్తే మాత్రం నాలుగు వైపుల నుంచీ లంటానాయే దిగుతుంది.

వెయ్యి మొక్కల సంగతి కూడా చెబుతాను. దాతలు తెచ్చే మొక్కల్లో సగం సుబాబులు, ఆస్ట్రేలియా తుమ్మ ఉంటాయి. ఒక విదేశీని పీకి ఇంకో విదేశీని నాటడానికి అంత శ్రమ ఎందుకు? ఒక వాన చూడండి. తునికి, మద్ది మొద్దులు వాటంతట అవే లేస్తాయి. లేవని చోట ముందు గడ్డి, చీపురు దుబ్బులు పెట్టండి.

మహేంద్రతనయ:
అక్కా, అడగలేదు. ఈ వారమే అడుగుతాం. ఒక చిక్కు ఉంది. పిల్లలు మొదట్లో ఉత్సాహంగా వస్తున్నారు కానీ రెండో వానకు వచ్చే చిన్న లంటానా మొలకలను కూర్చుని ఏరడానికి ఎవరూ రారేమోనని భయం.

కొండచీపురు:
రారు. అది ఎవరి తప్పూ కాదు, ఆ పనిలో ఫొటో లేదు. కానీ అసలు పని అదే. బుల్‌బుల్ పిట్టలు పండు తిని కూర్చునే చెట్ల కింద, వాననీరు పారే గాడుల వెంట మొలకలు గుంపుగా లేస్తాయి. కొండంతా వెతకక్కర్లేదు, ఆ రెండు చోట్లు చూస్తే చాలావరకు దొరుకుతాయి. కనీసం రెండు మూడు వానాకాలాలు ఏరాలి.

ఇంకొకటి. పట్నం వాళ్లకు ఆదివారం సెలవు. గ్రామం వాళ్లకు అది కూలి పోయిన రోజు. ఇద్దరినీ కలిపి స్వచ్ఛంద సేవకులు అని రాసుకోవడం నాకు నచ్చదు. దాత నిజంగా ఖర్చు పెడతానంటే జేసీబీ అద్దె బదులు ఏరే ఆడవాళ్లకు కూలి ఇమ్మనండి.

రంభ తీరం:
నాది గంజాం జిల్లా, చిలికా ఒడ్డు. కొండ సంగతి నాకు తెలియదు, నీటి సంగతి చెబుతాను. చిలికాలో ఇసుక మేట వేసి సముద్రం నీరు రావడం తగ్గింది. ఉప్పదనం పడిపోయి మంచినీటి కలుపు సరస్సులోకి పాకింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి 1993లో చిలికా ఎక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పునీరు తిరిగి రావడంతో కలుపు వెనక్కి తగ్గింది, చేప పెరిగింది. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. మనుషులను పెట్టి ఎన్నేళ్లు పీకించినా అది అయ్యేది కాదు. మా చుట్టుపక్కల చెరువుల్లో గుర్రపుడెక్కను ఏటా తీయిస్తారు. మురుగు కాలువ మాత్రం చెరువులోకే వదులుతారు. ఆ ఎరువుకు గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది.

గుణుపురం మాస్టారు:
బాగానే ఉంది గానీ, కొండ మీదికి ఉప్పునీరు ఎక్కడి నుంచి మోసుకెళ్లమంటారు?

రంభ తీరం:
మాస్టారూ, కొండ మీద ఉప్పునీటి పని చేసేది నీడ. లంటానాకు వెలుతురు కావాలి. దట్టమైన అడవిలో అది బక్కచిక్కి ఉంటుంది. చెట్లు కొట్టిన చోట, పశువులు ఎక్కువగా తిరిగే చోట, దారుల అంచున బలుస్తుంది. కాబట్టి ఉన్న చెట్టును ముందు కాపాడమంటాను.

గుణుపురం మాస్టారు:
ఒప్పుకున్నాను. అయితే నీడ రావడానికి పదేళ్లు పడుతుంది, అప్పటిదాకా గునపం పక్కన పెట్టకూడదు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో సుమారు 40 శాతం మేర లంటానా వ్యాపించిందని లెక్క తేల్చింది. అలంకారానికని 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటలోకి తెచ్చిన పూల మొక్క ఇది! సర్కారు తుమ్మ మాత్రం? 1870ల్లో కడప జిల్లా కమలాపురంలోనే మొదట వేశారు. ఆ ఘనత మనదే.

ప్రాణహిత ఒడ్డు:
నేను సిరొంచ వైపు వాడిని, గడ్చిరోలి జిల్లా. మూడు విషయాలు.

నిప్పు పెట్టకండి. ఇప్పపువ్వు ఏరడానికని, తునికాకు బాగా చిగురిస్తుందని మా వైపు వేసవిలో నేల కాల్చే అలవాటు ఉంది. లంటానా పొద పైన కాలుతుంది, మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. మంటకు చచ్చేది ఇప్ప మొలకే.

గ్రామసభ తీర్మానం లేకుండా అడవిలో గునపం దించకండి. మా జిల్లాలోని మెంఢా గ్రామానికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2009లో అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. ఆ చట్టం ఒడిశాకూ వర్తిస్తుంది. గ్రామసభ అడిగితే అటవీ సిబ్బంది వినే తీరు వేరు, పట్నం బృందం అడిగితే వినే తీరు వేరు. మీ వైపు మహేంద్రగిరి కొండను 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు కదా, మీ పని ఆ పరిధిలోకి వస్తే అనుమతి కాగితం ముందే చేతిలో ఉండాలి.

ఎలుగుబంట్లు పగటిపూట ఆ గుబుర్లలోనే పడుకుంటాయి. డప్పు కొట్టుకుంటూ వెళ్లండి. ఆగి వినండి. ఒక వైపు నుంచే కదలండి, దానికి పారిపోయే దారి ఉండాలి. పిల్లలను ముందు నడిపించకండి.

మహేంద్రతనయ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న దాతతో మాట్లాడాను. జేసీబీ వద్దన్నాం, మొక్కలు వద్దన్నాం, రెండు వానాకాలాలు ఏరే వాళ్లకు కూలి ఇవ్వండి అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, ‘మరి నా పేరు రాసిన బోర్డు ఎక్కడ పెడతారు?’ అన్నారు.

కొండచీపురు:
జనవరిలో రమ్మనండి, చీపుర్లు కోతకు వచ్చాక. కట్ట కట్టి చేతిలో పెడదాం. బోర్డు మాత్రం గ్రామసభ ఒప్పుకుంటేనే.

బరంపురం బాటసారి:
గునపాలు తక్కువైతే మా దగ్గర నాలుగున్నాయి. బస్సు పైన వేసి పంపిస్తాను. మొద్దుబారి ఉన్నాయి, అక్కడ సాన పట్టించుకోవాలి.