ఫ్రెంచ్‌లో ‘లుక్ ఫర్’, ‘గివ్ అప్’ ఎలా చెప్పాలి?

ప్రశ్న: ‘లుక్ ఫర్ మై కీస్’ అనడానికి ‘షెర్షే పుర్ మే క్లే’ అని రాస్తే తప్పన్నారు. ఎందుకు? ‘గివ్ అప్’కి ఏది సరైనది?

జవాబు 1: ‘పుర్’ (ఇంగ్లిష్ ‘ఫర్’) తీసేయండి. ‘తాళాలు వెతుకుతున్నా’ అన్నట్టే ‘జ షెర్ష్ మే క్లే’. ‘వెయిట్ ఫర్’కి అతాంద్ర్, ‘లిసన్ టు’కి ఎకూతే, వీటికీ ప్రిపొజిషన్ అక్కర్లేదు.

జవాబు 2: ‘గివ్ అప్’కి ఒకే మాట పట్టుకోకండి. సిగరెట్ మానేస్తే ‘అరెతే ద ఫ్యుమే’. పోటీ మధ్యలో వదిలేస్తే ‘అబాందొనే’. ఆలోచన విరమించుకుంటే ‘రనోన్సే’, దేన్ని విరమించుకున్నారో చెబితే దాని వెనక ‘ఆ’ అనే ప్రిపొజిషన్ తప్పనిసరి. ఎక్కువమంది మర్చిపోయేది అదే.

జవాబు 3: ‘ర్యాన్ అక్రాస్’ లాంటివాటికి ముందు తెలుగులో అనుకోండి: పరిగెత్తుతూ వీధి దాటాడు. ఫ్రెంచ్‌లోనూ అసలు క్రియ దాటడమే: ‘ఇల్ అ త్రవెర్సే లా ర్యు ఆన్ కూరాన్’. ‘కూరీర్’ (పరిగెత్తడం)తో మొదలుపెడితే వాక్యం అడ్డం తిరుగుతుంది.