అప్‌డేట్: ఆంధ్ర మహావిష్ణువు గుడి ఏ శ్రీకాకుళంలో ఉంది?

అమ్మను శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించిన ఆంధ్ర మహావిష్ణువు దర్శనానికి తీసుకెళ్లాలి, శ్రీకాకుళంలో ఎక్కడ దిగాలని అడిగాను కదా. సగం మంది ఆమదాలవలస స్టేషన్ అన్నారు, సగం మంది విజయవాడ అన్నారు. విజయవాడ అన్నవారిదే సరైన సమాధానం. వెళ్లొచ్చాం, దర్శనం బాగా జరిగింది.

శ్రీకాకుళాలు రెండున్నాయి. నాగావళి ఒడ్డున ఉన్నది జిల్లా కేంద్రం, అరసవల్లి సూర్యదేవాలయం ఉన్న ఊరు. మేం వెళ్లింది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణానది పక్కనున్న పల్లె. రెండింటి మధ్య 400 కిలోమీటర్ల పైమాటే. విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ వెళ్లే దారిలో వస్తుంది.

కళింగ దండయాత్రకు వెళ్తూ రాయలు ఇక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నారట. ఆ రాత్రి స్వామి కలలోకొచ్చి తెలుగులో కావ్యం రాయమంటే ‘ఆముక్తమాల్యద’ రాశానని ఆయనే అందులో చెప్పుకున్నారు. ఆ మాట తలుచుకుంటూ గర్భగుడి ముందు నిలబడితే నాకు ఒళ్లు పులకరించింది. అమ్మయితే కదల్లేదు, పూజారి గారే వచ్చి ‘తీర్థం తీసుకోండమ్మా’ అని పిలవాల్సి వచ్చింది.

వెళ్లేవాళ్లు మ్యాప్‌లో ఉత్త ‘శ్రీకాకుళం’ అని కొట్టకండి, జిల్లా కేంద్రానికి దారి చూపిస్తుంది. ‘శ్రీకాకుళం, ఘంటసాల మండలం’ అని కొట్టండి. ఉత్త ‘ఘంటసాల’ అని వెతికితే మాస్టారి పాటలే ముందు వస్తాయి.