నవంబరు కార్యక్రమం: ‘ఎక్స్‌పోజర్’ కవిత చదువుకునే సాయంత్రం – పనులు పంచుకుందాం

సాహిత్య విభాగం:
అందరికీ నమస్కారం. యుద్ధాల్లో చనిపోయినవాళ్లను తలచుకునే రిమెంబ్రెన్స్ సండేకి ముందురోజు, శనివారం సాయంత్రానికి లైబ్రరీ హాలు ఖాయమైంది. దీన్ని కార్తీక వనభోజనాలతో కలపకుండా విడిగా పెట్టినందుకు కమిటీకి థాంక్స్.

మనం తీసుకుంటున్నది మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ ‘ఎక్స్‌పోజర్’. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఏక్యూఏ అనే పరీక్షల బోర్డులో, పదహారేళ్లప్పటి స్కూలు పరీక్ష జీసీఎస్‌ఈ రాసే మన పిల్లలకు ఇది ‘పవర్ అండ్ కాన్‌ఫ్లిక్ట్’ కవితల్లో ఒకటి. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఇది పిల్లల పరీక్షలో వచ్చే ఏదో ఒక పాఠం. ఒక్క సాయంత్రమైనా అందరం కలిసి కూర్చుని, ఒకే కవితను నిదానంగా చదవాలని నా కోరిక. ఒక్కటే గట్టిగా అడుగుతున్నాను. వీరత్వం మీద ఉపన్యాసాలు పెట్టొద్దు. ఈ కవితలో ఎవరూ శత్రువు మీదికి దూకరు, ఎవరూ గెలవరు. సైనికులు కందకంలో చలికి గడ్డకట్టుకుపోతూ ఎదురుచూస్తుంటారు, అంతే.

తెలుగు బడి టీచర్:
అన్నా, మా పెద్ద క్లాసు పిల్లలు నలుగురు ముందుకొచ్చారు. కాకపోతే వాళ్లు ‘ఇది పర్సానిఫికేషన్, ఇది సిబిలెన్స్’ అని అలంకారాల పేర్లు చెప్పేసి ఆగిపోతున్నారు, మార్కుల కోసం అలా అలవాటైంది. అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వస్తారు కదా, ముందు కథేంటో తెలుగులో చెప్పాలేమో?

సాహిత్య విభాగం:
కచ్చితంగా చెప్పాలి టీచర్ గారూ. నేను రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను, పిల్లలు తమ మాటల్లోకి మార్చుకుంటారు.

1917 మొదట్లో ఓవెన్ మాంచెస్టర్ రెజిమెంట్‌లో చిన్న ఆఫీసరు, వయసు 23. ఫ్రాన్స్‌లో సోమ్ ప్రాంతంలో, చుట్టూ మంచు, తలదాచుకునే చోటు లేకుండా తన మనుషులతో పడి ఉన్నాడు. తన దళంలో ఒకడు చలికి గడ్డకట్టి చనిపోయాడని ఆ ఫిబ్రవరిలో అమ్మకు ఉత్తరం రాశాడు. కవిత పుట్టింది ఆ అనుభవంలోంచే.

మొత్తం ఎనిమిది చరణాలు. ఒక్కో చరణంలో నాలుగు పొడుగు పాదాలు, ఐదోది చిన్నది, తెగిపోయినట్టు ఉంటుంది. ఆ ఐదో పాదం నాలుగుసార్లు ఒకటే: ‘కానీ ఏమీ జరగదు’. పిల్లలు ఇక్కడ ఆగి పెద్దవాళ్లను అడగాలి: మనుషులు చనిపోతుంటే ఏమీ జరగదని ఎందుకంటున్నాడు? జవాబు వెంటనే రాకపోయినా పర్వాలేదు, కాసేపు ఆగండి.

మూడో చరణంలో తెల్లవారుతుంది. మనకు పొద్దు పొడిచిందంటే గండం గడిచినట్టే. ఇక్కడ మాత్రం ఉదయమే తూర్పున సైన్యాన్ని కూడగట్టి, వణుకుతున్న బూడిదరంగు వరసలతో మీదికొస్తుంది. జర్మన్ సైన్యం ఉన్నది తూర్పునే, వాళ్ల యూనిఫారం రంగూ బూడిదే. అంటే శత్రువు స్థానంలోకి వాతావరణం వచ్చి నిలబడింది. తర్వాతి చరణంలో తూటాలు ఒకటి వెంట ఒకటి దూసుకెళతాయి, కానీ మంచుతో నల్లబడిన గాలి కంటే అవి తక్కువ ప్రాణాంతకం అంటాడు. వీలైతే ఈ రెండూ ఒకే పాపో బాబో చదివితే బాగుంటుంది.

నాకు అన్నిటికంటే బలంగా తగిలేది ఆరో చరణం. చలిలో మగతగా ఉన్నప్పుడు వాళ్ల మనసు ఇంటికి వెళుతుంది. పొయ్యిలో నిప్పు అణిగి ఎర్రగా కనిపిస్తుంటుంది, కీచురాళ్లు అరుస్తుంటాయి. ఇల్లంతా తమదే అన్నట్టు ఎలుకలు గంటల తరబడి సంబరపడుతుంటాయి. కిటికీలు, తలుపులు అన్నీ మూసేసి ఉంటాయి, ‘మనకే మూసేశారు’ అంటాడు. అక్కడి నుంచి మళ్లీ చావడానికి వెనక్కి తిరుగుతారు. ఊళ్లో తాళం వేసిన ఇల్లు మన హాల్లో చాలామందికి గుర్తొస్తుంది. అయితే మన పరిస్థితినీ వాళ్ల పరిస్థితినీ పోల్చి మాట్లాడొద్దని పిల్లలకు చెప్పండి. గుర్తురావడం వరకు చాలు.

సౌండ్, హాలు బాధ్యత:
బాగా రాశావు తమ్ముడూ. ఫిరంగుల చప్పుడు, గాలి హోరు రికార్డింగ్ నా దగ్గర ఉన్నాయి. చదువుతున్నప్పుడు వెనక సన్నగా వేయమంటావా?

సాహిత్య విభాగం:
వద్దన్నా, దయచేసి. తుపాకుల మోత ఈ కవితలో ఎక్కడో ఉత్తరాన, దూరంగా, వేరే యుద్ధం తాలూకు పుకారులా వినిపిస్తుంది. మనం ఫిరంగులు పేలిస్తే ‘ఏమీ జరగదు’ అన్న మాటకు బలం పోతుంది. మైకులు రెండు, వెనక వరసల దాకా స్పష్టంగా వినపడితే చాలు.

పద్య పఠనం పెద్దాయన:
నాయనా, నేనొక ఐదు నిమిషాలు తీసుకోవచ్చా? మనవరాలు ఈ కవిత వినిపించింది. మన పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం హల్లు ఒకటే ఉండాలి, మీది అచ్చు మారినా తప్పు లేదు. ఈ ఓవెన్ అబ్బాయి అలాంటి పనే పాదం చివర చేశాడు. ‘సైలెంట్’కి ‘సేలియంట్’, ‘వైర్’కి ‘వార్’. హల్లులు నిలబడ్డాయి, అచ్చులు జారిపోయాయి. ఇంగ్లీషు చెవి పూర్తి అంత్యప్రాస కోసం చూస్తుంది, అది అందీ అందకుండా పోతుంది. సైనికుడి ఎదురుచూపు కూడా అలాంటిదే. మనకు ప్రాస అలవాటు కాబట్టి ఆ హల్లుల పట్టు చప్పున దొరుకుతుంది.

సాహిత్య విభాగం:
తాతగారూ, ఐదు కాదు, పది నిమిషాలు మీవే. ఇది బళ్లో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

సభ్యత్వ విభాగం:
అన్నయ్యా, మనసులో మాట అడుగుతున్నా. మన వాళ్లను పాలించిన బ్రిటిష్ వాళ్ల సైన్యాన్ని మనం పొగుడుతున్నట్టు ఉండదా?

సాహిత్య విభాగం:
అడగాల్సిన ప్రశ్నే చెల్లీ. కవితలో పొగడ్త లేదు. రెండో చరణం చివర వాళ్లే అడుగుతారు, ‘ఇక్కడ మనమేం చేస్తున్నాం?’ అని. ఏడో చరణానికి వచ్చేసరికి దేవుడి మీద ప్రేమ కూడా చచ్చిపోతున్నట్టుంది అంటారు.

ఇంకో సంగతి, ఆ కందకాల్లో మన దేశం వాళ్లూ ఉన్నారు. అప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యంలోని లాహోర్, మీరట్ డివిజన్లు 1914 సెప్టెంబరు, అక్టోబరుల్లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాయి. ఉష్ణదేశపు పల్చటి బట్టలతో వచ్చి ఫ్రాన్స్ చలికాలంలో నిలబడ్డారు. 1915 మార్చిలో న్యూవ్ షపెల్ దగ్గర పోరాడారు. గాయపడిన వాళ్లలో కొందరిని ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బ్రైటన్ పెవిలియన్ ఆసుపత్రికి తెచ్చారు. హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసిన చోటే, ఊరి బయట కొండ మీద ‘ఛత్రి’ అనే స్మారకం ఉంది. మన వైపు నుంచి సైన్యంలో దారులు, వంతెనలు వేసే మద్రాస్ సాపర్లు మెసొపొటేమియాకు (ఇప్పటి ఇరాక్) వెళ్లారు. పశ్చిమ గోదావరిలో సైనికుల ఊరైన మిలిటరీ మాధవరం పేరు విననివాళ్లు మనలో తక్కువ.

అందుకే రెండో కవితగా సరోజినీ నాయుడు ‘ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా’ పెడదాం. 1915లో రాసింది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిగా దేశం అందులో మాట్లాడుతుంది, వాళ్ల త్యాగాన్ని గుర్తుంచుకోమని అడుగుతుంది. చావును ఆమె దూరం నుంచి, పూలతో పోల్చి చూస్తుంది. ఓవెన్ దగ్గర ఆ పూలు లేవు. చివరి చరణంలో శవాలను పూడ్చేవాళ్లు వణికే చేతుల్లో పారలు పట్టుకుని, సగం గుర్తుపట్టిన ముఖాల దగ్గర ఆగుతారు. ‘వాళ్ల కళ్లన్నీ మంచుగడ్డలే’ అంటాడు. ఆ ‘వాళ్లు’ చనిపోయినవాళ్లా, పూడుస్తున్నవాళ్లా? నా ఉద్దేశంలో ఇద్దరూ. దీని మీద పిల్లలు వాదించుకోవాలి, ఎంతసేపైనా సరే.

తెలుగు బడి టీచర్:
ఓవెన్ 1918 నవంబరు 4న చనిపోయాడని, వారానికి యుద్ధం ఆగిపోయిందని పిల్లలు చెబుతారు. ఠాగూర్ మాటలు అతని పాకెట్ బుక్కులో దొరికాయని అతని తల్లి 1920లో ఠాగూర్‌కు ఉత్తరం రాసింది. దాన్ని మా చిన్న క్లాసు పాప చదువుతానంది. ఉండనివ్వనా?

సాహిత్య విభాగం:
తప్పకుండా, కానీ రెండు కవితలూ అయ్యాకే. ముందే చెబితే అందరి మనసూ అతని చావు మీదికే పోతుంది, కవిత మీద నిలవదు.

వంటల బాధ్యత:
టీ, బిస్కెట్లు మాత్రమే పెడుతున్నాం, అవి కూడా చర్చ మొత్తం అయ్యాకే. ఫ్లాస్కులు నావి.

సాహిత్య విభాగం:
సరే అక్కా. ఇక మిగిలింది ప్రింట్లు. కవిత ఇంగ్లీషులో ఒకవైపు, తెలుగు భావం రెండోవైపు, పెద్దవాళ్లకు కనపడేలా పెద్ద అక్షరాల్లో కావాలి. తెలుగు భావం బుధవారానికల్లా నేను పంపుతాను. ప్రింటర్ ఉన్నవాళ్లు ఒకరు కింద పేరు పెట్టండి.