లక్షా ఎనభై వేల ల్యాప్‌టాప్ పాడైతే జవాబు చెప్పాల్సింది షాపా, కంపెనీయా?

కూకట్‌పల్లి ఎడిటర్:
సూటిగా అడుగుతున్నా. డబ్బు లెక్కపెట్టుకుని బిల్లు ఇచ్చిన షాపు, వస్తువు మొరాయించగానే "మాకేం సంబంధం లేదు, కంపెనీ వాళ్లతో మాట్లాడుకోండి" అని చేతులు దులుపుకోవచ్చా? కుదరదనే నా వాదన. మీలో చాలామంది ఒప్పుకోరని తెలుసు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

విషయం ఇదీ. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఒక్కదాన్నే, ఇంట్లోనే పని. కిందటి దసరా ఆఫర్లలో సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు ఒక షాపులో లక్షా ఎనభై వేలు పెట్టి గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ తీసుకున్నా. మామూలు పనికి ఏ గొడవా లేదు. పెద్ద వీడియో రెండరింగ్‌కి, అంటే ఎడిట్ చేసినదాన్ని ఫైనల్ ఫైలుగా తయారుచేయడానికి, పెడితే మాత్రం ఫ్యాన్ హోరెత్తిపోయి, స్క్రీన్ నల్లబడి, మెషీన్ ఠక్కున ఆగిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే ఆన్ చేశారు, విండోస్ వచ్చింది, యూట్యూబ్ ఆడింది, "ప్రాబ్లమ్ ఏమీ కనపడలేదు" అని రాసి తిరిగి ఇచ్చేశారు. రెండరింగ్ పెట్టి చూడండి బాబూ అని బతిమాలితే "మా దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఉండదు మేడమ్" అన్నారు. మళ్లీ పట్టుకెళ్తే మదర్‌బోర్డు మార్చారు. కొన్నాళ్లు బాగానే నడిచి మళ్లీ అదే వరస. ఈసారి ఏమన్నారో తెలుసా, లోపల తెల్ల స్టిక్కర్ ఎర్రబడింది, మెషీన్‌లో నీళ్లు పోశారు, వారంటీ వర్తించదు, కొత్త బోర్డుకి 84 వేలు కట్టండి అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆ స్టిక్కరున్న బోర్డు వాళ్లు బిగించిందే! పైగా నేను మెషీన్ అప్పజెప్పినప్పుడు జాబ్‌షీట్‌లో ఫిజికల్ డ్యామేజ్ అన్నచోట "లేదు" అని వాళ్ల మనిషే టిక్ పెట్టి సంతకం చేశాడు. ఆ కాగితం నా దగ్గరుంది.

షాపుకి వెళ్తే బిల్లు కింద సన్న అక్షరాల్లో ఉన్న లైను మీద వేలు పెట్టి చూపించాడు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. వారంటీ కంపెనీదే." అంతే, పక్క కస్టమర్ వైపు తిరిగాడు. ఇప్పుడు చెప్పండి, నేను ఎవరి మెడ పట్టుకోవాలి?

పార్క్‌లేన్ డీలర్:
మేడమ్, మీ బాధ నిజమే, కాదనను. కానీ షాపు వాడి మీద కోపం న్యాయం కాదు. నేను పదిహేనేళ్లుగా ఇదే లైన్లో ఉన్నా. మాకు వచ్చేది సీలు వేసిన డబ్బా. లోపల బోర్డు మేం చెయ్యలేదు, మేం విప్పకూడదు, విప్పితే వారంటీ మేమే పోగొట్టినట్టు. కొన్న కొద్ది రోజుల్లోపు డెడ్ పీస్ అని కంపెనీ ఒప్పుకుంటే మార్చి ఇస్తాం, ఆ డీఓఏ లెటరు, అంటే వచ్చేటప్పుడే పాడై ఉందని రాసిచ్చే కాగితం, కూడా సర్వీస్ సెంటరే ఇవ్వాలి. ఆ గడువు దాటాక మా చేతిలో ఏమీ ఉండదు. ఆన్‌లైన్ ధరలతో పోటీపడి అమ్మేసరికి ఒక్కో మెషీన్ మీద మాకు మిగిలేది చాలా తక్కువ, అలాంటప్పుడు లక్షా ఎనభై వేలు నా జేబులోంచి ఇచ్చి ఆ పాడైన మెషీన్ ఏం చేసుకోవాలి? కంపెనీ నా దగ్గర వెనక్కి తీసుకోదు. ఇలాంటివి ఏడాదికి నాలుగు వస్తే షాపు మూసుకోవాలి.

సర్వీస్ బెంచ్:
నేను ఒక బ్రాండ్ సర్వీస్ సెంటర్‌లో బెంచ్ మీద పనిచేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి ఓపెన్‌గా చెప్తున్నా. చాలామటుకు సర్వీస్ సెంటర్లు కంపెనీవి కావు, ఫ్రాంచైజీలు. పార్టు కావాలంటే మేం ఫొటోలు తీసి అప్‌లోడ్ చెయ్యాలి, అవతల ఎక్కడో కూర్చున్నవాళ్లు అప్రూవ్ చెయ్యాలి. ఫొటోలో స్టిక్కర్ ఎర్రగా కనిపిస్తే చాలు, కేసు మీద "సీఐడీ" అని పడిపోతుంది. అంటే కస్టమర్ చేసిన డ్యామేజ్ అని. ఆ ముద్ర పడ్డాక బెంచ్ మీదున్న ఇంజనీర్ ఎంత మొత్తుకున్నా తీయరు.

ఆ స్టిక్కర్ కథ చెప్తా. అది తడి తగిలితే రంగు మారే చిన్న కాగితం. తడి తగిలిందనే చెప్తుంది, ఎప్పుడు తగిలిందో, ఎవరి చేతిలో ఉండగా తగిలిందో, చెడిపోవడానికి అదే కారణమో కాదో చెప్పదు. నిజంగా నీళ్లో టీయో పోతే బోర్డు మీద గుర్తులుంటాయి. కాంపోనెంట్ల కాళ్ల దగ్గర తెల్లగానో పచ్చగానో తుప్పు, కీబోర్డు అడుగున ఎండిపోయిన మరక, కనెక్టర్ పిన్నులు నల్లబడటం. భూతద్దం కింద పెడితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అక్కా, మీరు అడగాల్సింది ఆ ఫొటోలు. స్టిక్కర్ ఫొటో ఒక్కటే ఇచ్చి తుప్పు ఫొటో ఇవ్వలేదంటే వాళ్ల దగ్గర లేదనే అర్థం.

ఇంకోటి. లోడ్ మీద ఆగిపోయే మెషీన్‌ని డెస్క్‌టాప్ వచ్చేదాకా చూసి ఓకే అనడం తప్పే. గ్రాఫిక్స్ చిప్ కరెంటు గట్టిగా లాగినప్పుడే బయటపడే లోపం అది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఎంట్రీ పడి ఉంటుంది, తేదీ టైముతో సహా. మెషీన్ మీ చేతిలో ఉన్నప్పుడు దాని స్క్రీన్‌షాట్లు తీసుకున్నారా?

కూకట్‌పల్లి ఎడిటర్:
తీసుకున్నా తమ్ముడూ. రెండరింగ్ మధ్యలో ఆగిపోవడం ఫోన్‌తో వీడియో కూడా తీశా, గోడ గడియారం కనిపించేలా. తుప్పు ఫొటోల మాట మాత్రం నాకు తట్టలేదు, చాలా థాంక్స్.

డీలర్ అన్నా, మీరన్నదానికి. కంపెనీ మీ దగ్గర వెనక్కి తీసుకోదు అన్నారు. అది మీకూ కంపెనీకీ ఉన్న లెక్క. అందులో నేను లేను కదా. నేను కంపెనీ ఆఫీసు ఎప్పుడైనా చూశానా, వాళ్లకి ఒక్క రూపాయి ఇచ్చానా? మీలాంటి షాపు పెద్ద ఏజెన్సీ, పదిసార్లు సరుకు ఆర్డర్ పెట్టే పార్టీ, మీరు ఫోన్ చేస్తే ఏరియా మేనేజర్ ఎత్తుతాడు. నేను చేస్తే కంప్యూటర్ గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. కంపెనీతో గట్టిగా మాట్లాడగలిగే మనిషి పక్కకు తప్పుకుని, ఏ బలమూ లేని మనిషిని ముందుకు తోస్తే ఎలా?

ఎందుకొచ్చిన గొడవ:
అక్కా, ఇద్దరిలో ఎవరిది తప్పైనా మీ పని ఆగిపోయింది కదా. అది ముందు చూసుకోండి. పార్క్‌లేన్‌లోనే చిప్ లెవల్ రిపేర్ చేసే కుర్రాళ్లున్నారు, 84 వేల బోర్డు మార్చకుండా పాడైన ఒక్క ఐసీ మార్చి ఇస్తారు, అందులో పదో వంతు కూడా కాదు. మా బావమరిది మెషీన్ అలాగే బాగైంది. కేసులు వేసి ఏళ్లకేళ్లు తిరిగేకన్నా అది నయం. ఈసారి కొనేటప్పుడు అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోండి, ధర కూడా కలిసొస్తుంది.

సర్వీస్ బెంచ్:
బయట విప్పించారంటే మాత్రం కథ కంచికే బ్రో. "మేం ఇచ్చాక ఎవరో వేరేవాళ్లు విప్పారు" అని ఒక్క మాట అంటారు, ఆ తర్వాత ఏ సాక్ష్యమూ నిలవదు. అమెరికా మెషీన్ సంగతి ఇంకా ఘోరం, చాలా మోడళ్లకు వారంటీ కొన్న దేశంలోనే, ఇక్కడ నిలదీయడానికి బిల్లు ఇచ్చిన షాపు కూడా ఉండదు.

నాంపల్లి వకీలు:
చర్చ మంచి దారిలో ఉంది కాబట్టి చట్టం మాట కూడా చెప్తాను. ఇప్పుడు అమల్లో ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై నుంచి. దీంట్లో ప్రొడక్ట్ లయబిలిటీ అని కొత్త అధ్యాయం ఉంది, చాలామంది దాన్నే పట్టుకుని వస్తారు. మేడమ్, మీకది పనికిరాదు. వస్తువు వల్ల మనిషికో వేరే ఆస్తికో హాని జరిగితేనే అది, వస్తువే చెడిపోవడం దాని కిందకు రాదు. మీ ఫిర్యాదు వస్తువులో లోపం, సేవలో లోపం కింద వెయ్యాలి. సెక్షన్ 39 ప్రకారం వినియోగదారుల కమిషన్, అంటే మీరంతా కన్స్యూమర్ కోర్టు అనేది, లోపం సరిచెయ్యమనొచ్చు, వస్తువు మార్చి ఇవ్వమనొచ్చు, డబ్బు తిరిగి ఇవ్వమనొచ్చు, నష్టపరిహారం కూడా వెయ్యొచ్చు.

ఇక "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే లైను. సెక్షన్ 2(47) చూడండి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. మీ గొడవ ఆ 30 రోజులు దాటాక మొదలైనట్టుంది, కాబట్టి మీకిది నేరుగా అక్కరకు రాకపోవచ్చు, అయినా ఆ లైను చూపించి కస్టమర్ని వెనక్కి పంపే డీలర్లు ఇది తెలుసుకుని ఉండాలి.

అసలు ప్రశ్నకు వస్తే, షాపు బాధ్యత ఎంతన్నది ఒక్క ముక్కలో తేలదు. కొన్ని కేసుల్లో ఇద్దరినీ కలిపి కట్టమంటారు, కొన్నిట్లో తయారీ లోపమే అయితే డీలర్ని వదిలేస్తారు. కానీ 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 అని ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. కొనేవాడు ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి తెలివిని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ పనికి పనికొచ్చేదై ఉండాలి. ఆ బాధ్యత అమ్మినవాడిది, తయారుచేసినవాడిది కాదు. అయితే మీరే బ్రాండు పేరు, మోడల్ పేరు చెప్పి అదే ఇమ్మని అడిగి ఉంటే ఈ వాదన వీగిపోతుంది. మీరు ఏం అడిగి కొన్నారు?

కూకట్‌పల్లి ఎడిటర్:
నేను మోడల్ పేరు అడగనే లేదండీ. నాలుగు వేల రూపాయలు తేడా ఉన్న రెండు మూడు మెషీన్లు చూపించాడు. నేను 4కే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, రాత్రంతా రెండరింగ్‌లో ఉంటుంది, తట్టుకునేది ఇవ్వండి అని చెప్పా. ఇంటికొచ్చాక వాట్సాప్‌లో మళ్లీ అడిగితే "అదే తీసుకోండి మేడమ్, 4కేకి ఢోకా లేదు, ఏదొచ్చినా మా దగ్గరకే రండి, మేం చూసుకుంటాం" అని పెట్టాడు. ఆ మెసేజ్ ఇంకా ఉంది. మర్నాడు వెళ్లి డబ్బు కట్టా.

నాంపల్లి వకీలు:
మరి ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిన ముక్క! ఆ మెసేజ్ జాగ్రత్త. ఫోన్ మార్చినా పోకుండా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

పార్క్‌లేన్ డీలర్:
వకీలు గారూ, ఒక ప్రశ్న. మేడమ్ సంపాదన కోసం కొన్నారు కదా. వ్యాపారానికి కొన్న వస్తువుకి కన్స్యూమర్ కేసు చెల్లదని మాకు చెప్పారు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ వేయించుకున్నవాళ్లు కూడా వచ్చి కన్స్యూమర్ కోర్టు అని బెదిరిస్తున్నారు. ఇక వాట్సాప్ సంగతి. సేల్స్ కుర్రాడు నాలుగు మంచి మాటలు చెప్పకపోతే ఎవరు కొంటారు? ఆ మాటలన్నిటికీ ఓనర్ ఉరి వేసుకోవాలా?

నాంపల్లి వకీలు:
చెల్లదన్నది సగమే నిజం. సొంతంగా, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్న వస్తువైతే అది వాణిజ్య ప్రయోజనం కిందకు రాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. ఆవిడ ఒక్కరే పనిచేసుకుంటున్నారు, జీతగాళ్లు లేరు. మీరన్న జీఎస్టీ నంబర్ మాత్రం అవతలివాళ్లు తప్పకుండా లేవనెత్తే పాయింటే. మేడమ్, మీ బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

కూకట్‌పల్లి ఎడిటర్:
నా సొంత పేరు మీదే. నాకు జీఎస్టీ నంబరే లేదు.

అన్నా, సేల్స్ కుర్రాడి మాటలకి ఓనర్ బాధ్యుడు కాడంటే, ఆ మాటలు నమ్మి డబ్బు కట్టిన నేను బాధ్యురాలినా? ఆ కుర్రాడు షాపు నంబర్ నుంచే మెసేజ్ పెట్టాడు, ఆ మాట మీద వచ్చిన లాభం షాపు గల్లాలోనే పడింది. నిజంగా తెలియకపోతే "లోపల ఎలా ఉంటుందో మాకు తెలీదు, ఏదొచ్చినా కంపెనీతోనే చూసుకోవాలి" అని కొనక ముందే చెప్పండి. అప్పుడు కొనాలో వద్దో నేను తేల్చుకుంటా. డబ్బు కట్టేదాకా మేం చూసుకుంటాం, కట్టాక మాకు తెలీదు, ఈ రెండు మాటలు ఒకే నోట్లోంచి రాకూడదు.

మల్కాజ్‌గిరి నాన్న:
మా అబ్బాయి బీటెక్ ల్యాప్‌టాప్‌కి ఇలాగే హింజ్ విరిగితే మేం 1915కి ఫోన్ చేశాం, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు. డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, ఇచ్చారు, కంపెనీ నుంచి వాళ్లే ఫోన్ చేసి ఫ్రీగా మార్చారు. అమ్మా, కేసుకంటే ముందు అది చెయ్యండి.

నాంపల్లి వకీలు:
మంచి సలహా. హెల్ప్‌లైన్ వాళ్లు ఆర్డర్ వెయ్యలేరు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు అంతే, అయినా ఆ డాకెట్ తర్వాత రికార్డుగా పనికొస్తుంది. పని కాకపోతే జిల్లా కమిషన్. మీరు కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కూకట్‌పల్లిలో ఉంటూ సికింద్రాబాద్‌లో కొన్నారని తికమక పడక్కర్లేదు, మీరుండే చోటు పరిధిలోని కమిషన్‌లోనూ వేసుకోవచ్చు. 2025 నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వెయ్యొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబివ్వాలి. కేసు 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావాలంటే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది కానీ అంతకంటే ఎక్కువే పడుతుంది, అది దాచను. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి.

సర్వీస్ బెంచ్:
మెషీన్ ఇంకా సెంటర్‌లోనే ఉంటే తీసుకునేటప్పుడు డెలివరీ కాగితం మీద ఉట్టి సంతకం పెట్టకండి అక్కా. "లోపం సరిచెయ్యలేదు, నీళ్లు పడ్డాయన్నది ఒప్పుకోవడం లేదు" అని చేత్తో రాసి సంతకం పెట్టి ఫొటో తీసుకోండి. ఎప్పుడైనా బోర్డు మారిస్తే ఆన్ చెయ్యగానే బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్, 48 అంకెల కీ అడగొచ్చు, ఈలోపే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి రాసిపెట్టుకోండి, లేకపోతే ఫుటేజ్ మొత్తం పోతుంది.

పార్క్‌లేన్ డీలర్:
కేసు వేస్తే వెయ్యండి మేడమ్, మీ హక్కు. కానీ కంపెనీని వదిలి షాపునే పట్టుకోకండి. తయారుచేసింది వాళ్లు, కాదన్నది వాళ్లు.

కూకట్‌పల్లి ఎడిటర్:
కంపెనీని వదలను అన్నా, ఆ భయం వద్దు. తుప్పు ఫొటోలు, నేను మొదట ఇచ్చినప్పటి నుంచి ఉన్న జాబ్‌షీట్లన్నీ కావాలని ఈ రాత్రే సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెడుతున్నా, కాపీ షాపుకి కూడా. పొద్దున్నే 1915కి చేస్తా. అక్కడ తెగకపోతే ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ ఉంటాయి, షాపు పేరు ముందు, కంపెనీ పేరు తర్వాత. ఎవరి వాటా ఎంతో వాళ్లూ వాళ్లూ కమిషన్ ముందు తేల్చుకోనీండి. మీలో ఎవరికైనా ఇదే స్టిక్కర్ కారణం చెప్పి వారంటీ కాదని ఉంటే, పేర్లు, ఫోన్ నంబర్లు కనపడకుండా చెరిపి జాబ్‌షీట్ ఫొటో ఇక్కడ పెట్టండి.