కత్రీనా వేషం వేసుకోవాలని ఉంది. హన్మకొండలో దొరికే సామానుతో ఎలా?

ఓరుగల్లు_పిల్ల:
నేను మడికొండ ఐటీ పార్కులో పని చేస్తాను. అక్టోబర్ 31న ఆఫీసులో హాలోవీన్. మా టీంలో అందరూ డ్రాక్యులా, తెల్లచీర దయ్యం అంటున్నారు. నాకు మాత్రం మెక్సికో వాళ్లు పోయినవాళ్లను తలుచుకునే పండుగలో కనిపించే కత్రీనా వేషం మీద మనసుంది. పుర్రె మొహం, తల నిండా పూలు, కాళ్ల దాకా గౌను.

అక్కడ నవంబర్ 1న పోయిన పిల్లలను, 2న పెద్దవాళ్లను తలుచుకుంటారు. ఇంట్లో బల్ల మీద ఫొటోలు పెట్టి బంతిపూలు, కొవ్వొత్తులు, మంచినీళ్లు, ఉప్పు, వాళ్లు ఇష్టంగా తిన్నవన్నీ పెడతారు. కత్రీనాను మొదట చెక్కింది 1913లో చనిపోయిన మెక్సికో అచ్చుబొమ్మల కళాకారుడు హోసే గ్వాదలూపె పొసాద. పెద్దింటివాళ్ల షోకును అనుకరించేవాళ్లను ఎత్తిపొడుస్తూ టోపీ పెట్టిన పుర్రెను మాత్రమే చెక్కాడు. ఆమెకు ఒళ్లూ గౌనూ ఇచ్చింది చిత్రకారుడు దియేగో రివేరా, 1947 నాటి గోడచిత్రంలో.

నా బడ్జెట్ రెండు వేలు. నా చర్మానికి హోలీ రంగు కూడా పడదు, దద్దుర్లు వస్తాయి. అన్నిటికంటే పెద్ద టెన్షన్ మా అమ్మ. నాయినమ్మ సంవత్సరీకం మొన్ననే అయింది. "ఇంట్ల మనిషి పోయి ఏడాదే అయింది, పీనుగ మొహం పెట్టుకొని తిరుగుతవా?" అంటోంది. ఆ మాటను కొట్టిపారేయలేను.

కానీ నాకు ఈ వేషం నచ్చిందే నాయినమ్మ వల్ల. పెత్రమాస నాడు పొద్దున తాతయ్య పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చేది. సాయంత్రం అదే చేత్తో ఎంగిలిపూల బతుకమ్మ పేర్చేది. పోయినవాళ్లను తలుచుకోవడం, పూలు పేర్చడం మా ఇంట్లో ఒకే రోజు పని. అందుకే వేస్తే సరిగ్గా వేయాలి. భయపెట్టే వేషం కాకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పెళ్లి_మేకప్_కాజీపేట:
చెల్లె, ముందు నీ చర్మం సంగతి. పోస్టర్ కలర్లు, గుడ్డల మీద వేసే రంగులు, ముగ్గుల చమ్కీ మొహానికి దగ్గరకు రానివ్వకు. చమ్కీ కంట్లో పడితే గీసుకుపోతుంది. మొహానికని అమ్మే, నీళ్లతో కలిపే ఫేస్ పెయింట్ తెలుపు, నలుపు చాలు. కొన్ని రోజుల ముందే మోచేతి లోపల కొంచెం రాసి మరునాటి దాకా చూడు. మంట, దురద వస్తే ఆ డబ్బా పక్కన పెట్టెయ్యి.

నా సలహా అడిగితే సగం మొహమే వెయ్యి. కుడివైపు పుర్రె, ఎడమవైపు నీ మామూలు పెళ్లి మేకప్, కాటుక, బొట్టు. రంగు తగిలే చోటు సగానికి తగ్గుతుంది, అన్నం తినడానికీ వీలు. చూడ్డానికి కూడా నాకు అదే ఎక్కువ ఇష్టం.

మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగు. తడి స్పాంజితో తెలుపు పల్చగా అద్దు, రుద్దకు. మందంగా పూస్తే మధ్యాహ్నానికి పగుళ్లు వస్తాయి. మెడకు కూడా వెయ్యి, చాలామంది అక్కడ వదిలేస్తారు. పైన పౌడర్. కన్ను చుట్టూ కనుబొమ్మ మునిగేలా నల్ల గుండ్రం, దాని అంచున ఎర్రటి పూరేకులు, రేకు రేకుకూ ఒక కుందన్ బొట్టుబిళ్ల. అవి ఏ గాజుల దుకాణంలోనైనా దొరుకుతాయి. ముక్కు కొనను నలుపు. పెదాల మూల నుంచి చెంప మీదికి సన్న గీత లాగి, దాని మీద నిలువు గీతలు కొడితే పళ్లు వచ్చేస్తాయి. చెంప గుంటకు బూడిదరంగు ఐషాడో. తీసేటప్పుడు ముందు కొబ్బరినూనె, తర్వాత ఫేస్‌వాష్.

పూలకైతే ఖర్చే లేదు. దసరాకు గుమ్మానికి కట్టిన గుడ్డ బంతిదండ ఉంటుంది కదా, అవి కత్తిరించి హెయిర్‌బ్యాండుకు సన్న తీగతో కట్టు. పెద్దవి ముందుకు, చిన్నవి చెవుల దాకా. అసలు బంతి కడితే తల బరువెక్కుతుంది.

నర్సంపేట_టు_టెక్సాస్:
శాన్ ఆంటోనియోలో ఉంటాను, మా పక్కింటివాళ్లు మెక్సికన్లు. మీ అమ్మగారికి చెప్పండి, ఇది పీనుగ వేషం కాదు. పోయినవాళ్లు ఆ రెండు రోజులు ఇంటికి వస్తారని వాళ్ల నమ్మకం, ముస్తాబు అందుకే. నెత్తురు, గాయాలు, ఉత్తుత్తి కత్తులు మాత్రం పెట్టకండి. హాలోవీన్ నుంచి దీన్ని వేరు చేసేది అదే. మంత్రగత్తె టోపీ కూడా వద్దు.

గౌను కొననక్కర్లేదు. నల్ల లంగా, పొడుగు చేతుల జాకెట్టు, భుజాల మీద అల్లిక దుపట్టా చాలు. అక్కడి ఆడవాళ్లు కూడా అలాంటి పొడుగు శాలువా కప్పుకుంటారు. ఇంకొకటి, వాళ్లు చక్కెరతో పుర్రెలు చేసి నుదుటి మీద పేరు రాస్తారు. మీ నాయినమ్మగారి చిన్న ఫొటో లాకెట్‌లో పెట్టుకుంటే వేషం ఎవరి కోసమో చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఆ బంతి కూడా పుట్టింది అక్కడే. మెక్సికో నుంచే మన పెరట్లోకి వచ్చింది.

ఎర్ర_గులాబీ:
ఆన్‌లైన్‌లో రెడీమేడ్ మాస్క్ దొరుకుతుంది, ఇంత కష్టం ఎందుకు?

ఓరుగల్లు_పిల్ల:
మాస్క్ పెట్టుకుంటే నా మొహం కనపడదు కదండీ. సగం నా మొహం ఉండాలనే ఇప్పుడు అనిపిస్తోంది.

కార్ఖానగడ్డ_వాసి:
చెల్లె, మెక్సికో దాకా పోవద్దు, మీ అమ్మను కరీంనగర్ తీసుకొని రా. మా కార్ఖానగడ్డ శ్మశానంలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి సమాధుల దగ్గరే చేసుకుంటాయి. ముందు నుంచే గడ్డి పీకి, సమాధులకు సున్నం, రంగులు వేస్తాం. పండుగ నాడు పూలదండలు, దీపాలు, పోయినవాళ్లకు ఇష్టమైన తిండి. పిల్లలు అక్కడే పటాకులు కాలుస్తారు. మా బాపు సమాధి దగ్గర నేనూ దీపం పెడతాను. భయం అన్నది మాకు తెలియదు. కొందరు విచిత్రంగా చూస్తారు, ఫొటోలు తీసుకొని పోతారు. అది మాకు వినోదం కాదు, మా బాపుతో కూర్చునే రోజు. నువ్వు ఆఫీసులో వేసేటప్పుడు ఎవరన్నా అడిగితే ఈ మాట చెప్పు.

ఓరుగల్లు_పిల్ల:
అన్నా, మీ మాట అమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బీరువాలోంచి నాయినమ్మ నల్ల అంచు చీర తీసి "లంగా ఎందుకు, ఇది కట్టుకో" అంది. చీర మీద కత్రీనా ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ, కడతాను. మాస్క్ బదులు సగం మొహమే. ఆఫీసులో నా టేబుల్ పక్కన నాయినమ్మ ఫొటో, గ్లాసుడు నీళ్లు, ఆమెకు ఇష్టమైన సకినాలు పెడతాను. టీంవాళ్లను కూడా వాళ్ల ఇంటి పెద్దల ఫొటోలు తెమ్మని అడుగుతున్నాను, ఇప్పటికే ఇద్దరు ఒప్పుకున్నారు.

మేకప్ అక్కా, ఆ చీరకు ఎర్ర పూరేకులు బాగుంటాయా, పసుపు వెయ్యాలా?

పెళ్లి_మేకప్_కాజీపేట:
నల్ల అంచు అయితే పసుపు. మధ్యలో ఒక్క రేకు ఎరుపు చాలు. వీలైతే ముందు రోజు సాయంత్రం చీరతో రా, ఒకసారి వేసి చూద్దాం. డబ్బులేమీ వద్దు.