పర్జ్ వాల్వ్ పాడైతే తీసేసి గొట్టం మూసేయవచ్చా?

రావులపాలెం వాసి:
మాది పాత పెట్రోలు కారు. బంకులో ట్యాంకు నిండుగా కొట్టించిన ప్రతిసారీ ఇంజన్ ఒక పట్టాన అందుకోవడం లేదు. యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే దగ్గుతూ లేస్తుంది. కాసేపు నడిచాక మామూలే. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ పోయిందని మెకానిక్ చెప్పారు. దాన్ని తీసేసి, ఇంజన్ వైపు గొట్టంలో బోల్టు బిగించి, ట్యాంకు వైపు గొట్టాన్ని కారు కింద గాలికి వదిలేద్దామంటున్నారు. ఇక్కడ చాలామంది అలాగే చేయించారట. చేయించవచ్చా?

భీమవరం పాత కారు:
చేయించండి. నేను ఆ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా కూడా తీయించాను. మైలేజీ తగ్గలేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది. పాత కార్బురేటర్ బండ్లు ఈ డబ్బా లేకుండానే తిరిగాయి కదా. మన ఉప్పు గాలికి కొత్త వాల్వ్ వేసినా దాని కనెక్టర్ చిలుము పట్టిపోతుంది. ఎన్నిసార్లని మార్చుకుంటారు?

పాలకొల్లు షెడ్డు:
రావులపాలెం వారూ, ఈ పని చేసేవాడిగా చెబుతున్నాను, చేయించకండి. ముందు వాల్వే పోయిందో లేదో తేల్చుకోండి. ఇంజన్ ఆపి, వాల్వ్ బయటికి తీసి, కరెంటు ఇవ్వకుండా ఒక వైపు నుంచి ఊదండి. గాలి దాటకూడదు. దాటితే అది తెరుచుకునే ఉండిపోయింది. ట్యాంకు నింపగానే పైకి తేలిన ఆవిరి స్టార్ట్ చేసేటప్పుడు నేరుగా ఇంజన్‌లోకి పోయి మిశ్రమం చిక్కబడుతుంది. మీ దగ్గు అదే.

ఇక తీసేయడం సంగతి. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరిని డబ్బాలోని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు కంప్యూటర్ ఈ వాల్వ్‌ను తెరిచి ఆ ఆవిరిని లాగి కాల్పిస్తుంది. గొట్టాన్ని గాలికి వదిలితే ఆ ఆవిరి మీ కారు కిందే పరుచుకుంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలను అంటుకునే ఉంటుంది. మన ఊళ్లలో కారు పెట్టేది వసారాలోనో గడ్డి పక్కన రేకుల షెడ్డులోనో. పక్కనే మోటారు స్విచ్చు, పెరట్లో నీళ్లు కాచే పొయ్యి. ఇది నన్ను నిజంగా భయపెడుతుంది.

భీమవరం వారి సర్టిఫికెట్ మాటకొస్తే, అక్కడ చూసేది సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. ట్యాంకు దగ్గర కారే ఆవిరిని అక్కడ కొలవరు. కొలిచేది కారును తయారీదారు ఆమోదానికి పంపినప్పుడు. వాహన కాలుష్య ప్రమాణాలైన బీఎస్-4లోనూ, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6లోనూ దీని పరిమితి పరీక్షకు 2 గ్రాములు.

భీమవరం పాత కారు:
మా ఇల్లు ఊరి చివర, కారు ఆరుబయట ఉంటుంది. నా వరకు ప్రమాదం కనిపించడం లేదు.

పాలకొల్లు షెడ్డు:
ఆరుబయటైతే నిప్పు భయం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకు ఆ గొట్టంలోంచే గాలి పీలుస్తుంది. వానాకాలం మోకాటి లోతు నీటిలో దిగితే పీల్చేది నీళ్లే. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అందులో నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగున చేరతాయి. పంపు లాగేది అడుగునుంచే.

అంతర్వేది తీరం:
నాకు వాల్వ్ బాగానే ఉంది, గొట్టాలే పగిలాయి. కోతల కాలంలో ఎలుకలు కూడా కొరికాయి. అసలు గొట్టం దొరక్క పొలం మందు కొట్టే పంపు గొట్టం వేశాను. ఇదీ తప్పేనా?

పాలకొల్లు షెడ్డు:
గొట్టం మార్చడం తప్పు కాదు, అది మరమ్మతు. కానీ ఆ గొట్టం పెట్రోలు ఆవిరికి ఉబ్బి మెత్తబడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే ఇంధన గొట్టమని అడిగి, అదే లోపలి కొలతలో తీసుకోండి. క్లిప్పులు స్టెయిన్‌లెస్‌వి వేయండి, మీ దగ్గర మామూలు ఇనుము నిలవదు.

లంక గ్రామం నుంచి:
వరదకు డబ్బాలో నీళ్లు చేరాయి. కొత్తది వేశాక దాని గాలి గొట్టానికి మరో ముక్క అతికించి పైకి ఎత్తి కట్టించాను. కంపెనీ ఇచ్చిన తీరు కాదు కాబట్టి ఇది కూడా వద్దంటారా?

పాలకొల్లు షెడ్డు:
వద్దనను. ఆవిరి ఇంకా బొగ్గులోంచే పోతోంది, మీరు మార్చింది గాలి పీల్చే చోటునే. అయితే గొట్టం సన్నబడకూడదు, మధ్యలో నీరు నిలిచే వంపు ఉండకూడదు. కొసను కిందికి వంచి సన్నని జాలీ పెట్టండి, లేకపోతే కందిరీగలు మట్టితో మూసేస్తాయి. మూసుకుపోతే బంకులో పెట్రోలు పోస్తుండగానే గన్ను మాటిమాటికీ ఆగిపోతుంది.

భీమవరం పాత కారు:
సరే, వాల్వ్ ఆర్డరిచ్చి వారమైనా రాకపోతే ఏం చేయాలి? బండి షెడ్డులో పెట్టుకుని కూర్చోవాలా?

పాలకొల్లు షెడ్డు:
అక్కర్లేదు. వచ్చేదాకా ట్యాంకు సగానికి మించి నింపించకండి. ఇది రావులపాలెం వారికీ వర్తిస్తుంది. కొత్త వాల్వ్ వేశాక కూడా గన్ను మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనండి. లెక్క సరిచేయడానికి ఇంకాస్త పోయించుకుంటే ఆవిరి పోవాల్సిన దారిలో పెట్రోలే దిగి బొగ్గును తడిపేస్తుంది. నా షెడ్డుకు వచ్చే చాలా డబ్బాలు అలా పాడైనవే.