మారినర్స్ జట్టు పిచర్ కాస్టియోను వదులుకోవడం సబబేనా? బ్యాటింగ్ వరుస ఎలా ఉండాలి?

బేస్‌బాల్ బాగా తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. అమెరికా లీగ్‌లో ఆడే సియాటెల్ మారినర్స్ జట్టు 2024లో 85 మ్యాచ్‌లు గెలిచి కూడా ఒక్క గెలుపు తేడాతో ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలకు) దూరమైంది. గిల్బర్ట్, కర్బీ, కాస్టియో, మిల్లర్, వూ లాంటి పిచర్లు (బంతి విసిరేవాళ్లు) ఉన్న జట్టు ఇలా ఇంటిదారి పట్టడం నాకు మింగుడుపడటం లేదు. అప్పట్లో లోపమంతా బ్యాటింగ్‌లోనే ఉంది. ఆ ఏడాది అన్ని జట్లలోకీ ఎక్కువసార్లు స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లు పడి ఔట్) అయింది వీళ్లే.

ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గర ఆడే స్థానాల్లో) కనీసం ఇద్దరు గట్టి బ్యాటర్లు కావాలి. సొంత మైదానమైన టీ-మొబైల్ పార్క్‌లో పరుగులు రావడం కష్టం కాబట్టి పేరున్నవాళ్లు ఇక్కడ సంతకం చేయడానికి వెనుకాడతారు. అందుకని కాస్టియోను ఇచ్చి ఒక బ్యాటర్‌ను తెచ్చుకోవాలా? మిగిలిన నలుగురిలో ఒకరు గాయపడితే పరిస్థితి ఏమిటి?

ఇంకో సందేహం. ఆ ఏడాది మొదట బ్యాటింగ్‌కు దిగే క్రాఫర్డ్ సగటు (ప్రయత్నాల్లో హిట్ల నిష్పత్తి) .202కు పడిపోయింది. సీజన్ మధ్యలో జట్టులోకి వచ్చిన రోబ్లెస్ .328 కొట్టి 30 బేస్‌లు దొంగిలించాడు (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరాడు). బ్యాటింగ్ వరుసలో మొదటి స్థానం రోబ్లెస్‌దేనని నా అభిప్రాయం. అయితే అతనూ, మరో ఇద్దరు బ్యాటర్లు హూలియో, అరోసరేనా కూడా కుడిచేతి వాటమే. ముగ్గురినీ వరుసగా దింపితే ప్రత్యర్థి కుడిచేతి రిలీవర్‌కు (మధ్యలో దిగే పిచర్‌కు) పని సులువైపోదా? ఎందుకంటే కుడిచేతి పిచర్‌ను కుడిచేతి బ్యాటర్లు ఎదుర్కోవడం మామూలుగా కష్టం. కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటింగ్ చేయగలిగే, ఆ ఏడాది 34 హోమ్ రన్లు కొట్టిన రాలీని వాళ్ల మధ్యలో పెట్టాలా, నాలుగో స్థానంలోనే ఉంచాలా?